తొలివాన గంట

ఆ వేసవిని తలచుకున్నప్పుడు నాకు ముందుగా వినిపించేది నీళ్ల చప్పుడు. వీధి కొళాయిలు ఎండి, గోడలు పెనాల్లా కాగి, కాకులు సైతం నోరు తెరచుకొని నీడ వెదుక్కుంటున్న ఆ రోజుల్లో, మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం వరకు వాన కురుస్తూ ఉండేది. ఆ వానలో నా కూతురు నిలబడి ఉండేది.

అది గొడుగుల కంపెనీ. ఊచలు వంచేవారు, గుడ్డ కత్తిరించేవారు, కుట్టేవారు, పిడులు బిగించేవారు ఎవరి హాల్లో వారు పనిచేసేవారు. అన్నీ పూర్తయ్యాక గొడుగు వాన గదికి వచ్చేది. ఆ గది కప్పు కింద నిలువుగా, అడ్డంగా చిల్లుల గొట్టాలు అమర్చి ఉండేవి. ప్రతి కట్టలోనుంచి కొన్ని గొడుగులు తీసి, ఆ గొట్టాల కింద విప్పి పట్టుకొని, తల పైకెత్తి నిలబడాలి. గుడ్డ ముక్కలన్నీ కలిసే నడినెత్తిన కుట్టు వదులుగా ఉంటే చుక్క జారి ముఖం మీద పడుతుంది. పడిందా, ఆ కట్ట మొత్తం వెనక్కి పోతుంది. దీనికి వేరే పనిముట్టు లేదు. మనిషి ముఖమే పనిముట్టు.

ఒకనాడు మా పెద్దది అన్నం డబ్బా మరచిపోతే నేనే పట్టుకువెళ్లాను. గేటు దగ్గర కూర్చునే ముసలాయనను అందరూ గంట తాత అనేవారు. ఆయన నన్ను చూసి లేచి, ఎండలో ఎందుకు వచ్చారమ్మా అంటూ లోపలికి పంపాడు. నేను వాన గది అద్దం ముందు నిలబడిపోయాను. బయటి వెలుగుకు కళ్లు చెదిరి ఉన్నాయేమో, లోపల జరుగుతున్నదంతా నీటి అడుగున జరుగుతున్నట్లు కనిపించింది. నీలం గొడుగులు, నల్లనివి, ఎర్ర అంచువి, ఏ తొందరా లేకుండా అటూ ఇటూ తిరుగుతున్నాయి. వాటి కింద ఆడవాళ్లు పెదవులు కొద్దిగా విచ్చి, పైనుంచి ఎవరో పిలుస్తుంటే ఆలకిస్తున్నవారిలా నిలబడి ఉన్నారు. ఒకరితో ఒకరు మాట్లాడడం లేదు. వారిలో నా కూతురిని గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. అంత ప్రశాంతమైన ముఖం ఆమెకు ఉన్నదని ఇంట్లో నేను ఎన్నడూ చూసి ఎరుగను.

తరువాత నా చూపు కిందికి దిగింది. సిమెంటు నేల మీద పాచి పచ్చగా మెరుస్తున్నది. ఆ చివర నిలబడ్డ ఇద్దరికి మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు ఉన్నాయి. నా కూతురివి వట్టి పాదాలు.

ఆ గదిలో ఎక్కువమంది సీజను మనుషులు. వారిని మేస్త్రి కుదిర్చి కంపెనీకి అప్పగించేవాడు. ఎండలు ముదరగానే పిలుపు వచ్చేది. తొలివాన పడగానే పని ముగిసేది. దానికి తేదీ అంటూ ఉండేది కాదు. గేటు ముందు ఒక వెడల్పాటి రాతి బండ ఉండేది. చినుకులు పడి, పొడి మచ్చ ఒక్కటి మిగలకుండా ఆ బండ తడిసినప్పుడు గంట తాత గంట కొట్టేవాడు. ఆ గంటతో సీజను అయిపోయినట్లే. చేతిలో ఉన్న గొడుగు అక్కడే ముడిచి పెట్టి, డబ్బా తీసుకొని, గేటు దాటాలి. ఈ లెక్క ఎవరు పెట్టారో ఎవరూ ఎరుగరు. మా వారు ఊచల హాల్లో పనిచేసిన కాలం నుంచీ ఉన్నది. అందుచేత ఊరంతా మబ్బు కోసం మెడలు సాచి చూస్తుంటే ఆ ఆడవాళ్లు మాత్రం మబ్బు కనబడగానే ముఖం తిప్పుకునేవారు.

కంపెనీ గొడుగు గేటు దాటకూడదన్నది మరొక నియమం. అందువల్ల ఎండాకాలమంతా గొడుగులు చేసిన పిల్ల తొలివానలో నిలువునా తడిసి ఇంటికి వచ్చేది. గంట మా ఇంటికి స్పష్టంగా వినబడేది. వినబడిన వెంటనే గుమ్మం పక్క మేకుకు పొడి తువ్వాలు తగిలించి ఉంచడం ఏటేటా నా పని.

మా వారు పోయినప్పుడు కంపెనీ ఇంట్లో ఒకరికి పర్మనెంటు ఉద్యోగం ఇచ్చింది. మగపిల్లవాడికి ఇవ్వడం అక్కడి వాడుక. అలా మా చిన్నవాడు లోపలికి వెళ్లి, మెల్లగా పైకి వచ్చి, వాన గదికి సూపర్‌వైజరు అయ్యాడు. పెద్దది ఏటేటా మేస్త్రి మనిషిగానే వెళ్లి వస్తూ ఉండేది. ఇంట్లో తమ్ముడి చెవి మెలిపెట్టే అక్క, గేటు దాటగానే అతణ్ణి సార్ అని పిలవాలి.

"ఆ బూట్లు మీ అక్కకు ఎందుకు లేవు?" అని ఆ సాయంత్రం అన్నాల దగ్గర అడిగాను.

చిన్నవాడు ముద్ద కలుపుతూ తల ఎత్తలేదు. "అవి పర్మనెంటు వాళ్లకమ్మా. మేస్త్రి మనుషులకి మేస్త్రే ఇచ్చుకోవాలి."

"మేస్త్రి ఇస్తున్నాడా?"

"ఆయన కంపెనీ ఇవ్వాలంటాడు."

"మరి ఆ నేల ఎవరిది? మేస్త్రి తన ఇంటి నుంచి తెచ్చి పరిచాడా?"

పెద్దది నవ్వింది. "పోనీలే అమ్మా. వాన పడగానే మా కాళ్లు కరిగిపోతాయి కదా, బూట్లు దండగని వాళ్ల ఉద్దేశం. ఏం సార్, అంతేనా?"

"అక్కా, ఇంట్లో సార్ అనకు," అన్నాడు వాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మా కోడలికి నవ్వుతో పొలమారింది. ఆమెకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. కంపెనీ ఆసుపత్రిలో పురుడు పోసుకోవడానికి చిన్నవాడి కార్డు మీద ఆమె పేరు ఎక్కించి ఉన్నది. ఆ కార్డును ఆమె బియ్యం డబ్బా వెనుక దాచి, అప్పుడప్పుడు తీసి చూసుకునేది. పెద్దదానికి ఏ కార్డూ లేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది, అది ఇక్కడ చెప్పాలి. నేను కాన్వెంటులో చదువుకున్నదాన్ని. అక్కడ సిస్టరు తరగతిలోకి వచ్చి, ఇది చేసింది ఎవరు అని అడిగితే చేసినవారు లేచి నిలబడాలి. కారణాలు తరువాత. నా పిల్లలనూ అలాగే పెంచాను. పాలు ఒలికినా, అద్దం పగిలినా, నేను ఒకే ప్రశ్న అడిగేదాన్ని. తమ్ముడి బదులు పెద్దది లేచి నిలబడడం కూడా కద్దు. అటువంటప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి, మళ్లీ అడిగేదాన్ని. రెండోసారి అడిగినప్పుడు వాడు లేచేవాడు. ఎప్పుడూ లేచేవాడు.

ఆ ఏడు తొలివాన పట్టపగలు వచ్చింది. నేను పెరటిలో బట్టలు ఆరవేస్తున్నాను. తీగ మీది తెల్ల దుప్పటి మీద ఉన్నట్టుండి నీడ పడింది. గాలి ఆగిపోయింది. వీధిలో ఎవరో సైకిలు దిగి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. దుమ్ములో మొదటి చినుకు పడి చిన్న గుంట చేసింది, తరువాత పక్కన మరొకటి. మట్టి వాసన లేచి గుమ్మాల్లోకి వచ్చేసరికి వీధి వీధంతా బయటికి వచ్చింది. ముసలివాళ్లు చేతులు చాచారు. నేను దుప్పటి లాగడం మరచి నిలబడ్డాను. అంతలో గంట వినబడింది. వానలో ఆ చప్పుడు మెత్తబడి, చాలా దూరం నుంచి వచ్చినట్లు ఉన్నది.

తువ్వాలు మేకుకు తగిలించాను. పాలు పొయ్యి మీద పెట్టాను.

వాన కాసేపటికే వెలిసింది. ఎండ తిరిగి వచ్చి, రోడ్డు మీద నుంచి ఆవిరి లేచి, ఇళ్లన్నీ తేలుతున్నట్లు కనిపించాయి. కుట్టు హాల్లో పనిచేసే సీజను పిల్లలు తడిసిన జడలు పిండుకుంటూ మా గుమ్మం ముందు నుంచి వెళ్లారు. వాన గది వారు ఒక్కరూ కనబడలేదు. పాలు పొంగి, చల్లారి, మీగడ కట్టాయి. తువ్వాలు మేకుకు అలాగే ఉన్నది.

చివరకు పెద్దదాని పక్క వరుసలో నిలబడే బక్కావిడ వచ్చింది. ఆమె గుమ్మం లోపలికి రాలేదు. చీర కుచ్చెళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అవి ఆకాశం నీళ్లు కావని నాకు చూడగానే తెలిసింది.

"పెద్దమ్మా, కంగారు పడకండి," అన్నది. అలా అన్న తరువాత కంగారు పడనివారు ఉండరు. ఆమె చెప్పినది ఇది. గంట మోగగానే అందరూ గొడుగులు ముడిచారు. అప్పుడు సార్ వచ్చి, ఒక్క లాటు మిగిలింది, లారీ నిలబడి ఉంది, అది చూసి వెళ్లండి అన్నారు. సరేనని మళ్లీ నీళ్ల కింద నిలబడ్డారు. లాటు సగంలో ఉండగా పెద్దది కాలు జారి, గొడుగుతో సహా, కుడి చెయ్యి మీద పడింది.

"కంపెనీ ఆసుపత్రికి తీసుకెళ్లాం పెద్దమ్మా. కార్డు లేదు, పైగా గంట కూడా మోగిపోయింది కదా అని తిప్పి పంపేశారు. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉంది."

పెద్దాసుపత్రి వరండాలో మంచాలు గోడ వెంబడి వరుసగా ఉన్నాయి. పెద్దది కళ్లు మూసుకొని ఉన్నది. చెయ్యి మోచేతి నుంచి వేళ్ల దాకా పలకలతో కట్టి ఉన్నది. నన్ను చూసి, "గొడుగు విరిగిందా అమ్మా?" అని అడిగింది. నేను విరగలేదని చెప్పాను. నాకు ఎలా తెలుస్తుంది? అయినా అది ఆ వేళ చెప్పవలసిన మాట. మందు మత్తులో ఆమె, పైన నీళ్లు కట్టెయ్యండి, చప్పుడుకి నిద్ర పట్టడం లేదని గొణిగింది. వరండాలో ఎక్కడా నీళ్ల చప్పుడు లేదు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి స్పష్టంగా చెప్పాడు. ఎముక అతుక్కుంటుంది. కాని వేళ్లు ముడుచుకోవాలంటే మరొక ఆపరేషను కావాలి, అది ఈ ఆసుపత్రిలో చేయరు. ఆలస్యమైతే చేసినా లాభం ఉండదు. గొడుగు పట్టుకునే చెయ్యి, పిడికిలి కట్టని చెయ్యిగా మిగిలిపోతుంది.

నేను మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన నాకు కుర్చీ వేసి, ఎంతో మర్యాదగా, గంట మోగేవరకే ఆమె తన మనిషి అన్నాడు. గంట మోగాక లోపల ఏం జరిగిందో కంపెనీని అడగమన్నాడు. కంపెనీకి వెళ్లాను. ఆమె ఏనాడూ మా మనిషి కాదు, మేస్త్రి మనిషి అన్నారు. పైగా గంట తరువాత ఆమె లోపల ఎందుకు ఉన్నదో తమకు తెలియదన్నారు. ఈ ఇద్దరి మధ్య, ఆ గంట మోగిన తరువాతి కాస్త సమయంలో, నా కూతురు భూమి మీద ఎవరి మనిషీ కాకుండా గాలిలో నిలిచిపోయింది. నేను ఇంటికి వచ్చి, తెల్ల కాగితం తీసుకొని, లేబర్ ఆఫీసుకు అర్జీ రాశాను. మార్జిను వదిలి, నిదానంగా, కొట్టివేత లేకుండా రాశాను.

అర్జీ వెళ్లిన కొద్ది రోజులకు మేనేజరు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. చేతిలో పళ్ల బుట్ట. చెప్పులు బయట విడిచి, పెద్దదాని మంచం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ, మీరు నాకు తల్లిలాంటివారు," అన్నాడు.

"మీ అమ్మగారు ఉన్నారా?"

"ఉన్నారండి, మా ఇంట్లోనే ఉంటారు."

"అయితే ఆ స్థానం ఖాళీ లేదు. విషయం చెప్పండి."

మంచం మీద పెద్దది దుప్పటి నోటికి అడ్డం పెట్టుకున్నది. మేనేజరు కుర్చీలో సర్దుకొని కూర్చున్నాడు. జరిగినదానికి కంపెనీ చాలా బాధపడుతున్నదన్నాడు. మంచితనం కొద్దీ తప్పకుండా ఏదో ఒకటి చేస్తుందన్నాడు. ఆ అర్జీ ఒక్కటి వెనక్కి తీసుకుంటే చాలునట.

"మంచితనం మీకు ఓపిక ఉన్నన్నాళ్లు ఉంటుంది," అన్నాను. "వచ్చే ఏడు ఇంకొకరి కూతురు జారిపడే నాటికి మీకు ఓపిక ఉంటుందో ఉండదో. నేను అడుగుతున్నది అది కాదు."

"కానీ అమ్మగారూ, గంట మోగాక ఆమె మా మనిషి కాదు, మేస్త్రి మనిషీ కాదు. మీరు చదువుకున్నవారు, ఆలోచించండి."

"ఆలోచించాను. మరి ఎవరి మనిషి?"

ఆయన తడబడ్డాడు. "అంటే... అప్పటికి మీ ఇంటి మనిషే కదండీ."

"మా ఇంటి మనిషి మీ గదిలో, మీ నీళ్ల కింద, మీ గొడుగు ఎందుకు పట్టుకుని ఉంది?"

ఆయన లేచి గుమ్మం వైపు నడిచాడు. పళ్ల బుట్ట ఆయనతోనే వెనక్కి పంపాను. మా కోడలు గుమ్మం దాకా ఆ బుట్టను చూపులతో సాగనంపింది. అందులో ద్రాక్షపళ్లు ఉన్నాయి. ఆ రోజుల్లో ఆమెకు పులుపు మీద ప్రాణం.

లేబర్ ఆఫీసు వారు కంపెనీలో పెట్టిన విచారణకు ముందు రోజు సాయంత్రం చిన్నవాడు పనినుంచి వచ్చి లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చున్నాడు. వీధి దీపాలు ఇంకా వెలగలేదు. వాన మళ్లీ రాలేదు, మబ్బులు మాత్రం ఇళ్ల కప్పుల మీదుగా అలా జరుగుతూ ఉన్నాయి. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మేనేజరు ఫోను చేశారమ్మా," అన్నాడు. "లాటు అయ్యేదాకా ఆడవాళ్లని వదలొద్దన్నారు. నేను వెళ్లి చెప్పాను. అక్క అప్పటికే డబ్బా చేతికి తీసుకుంది. నన్ను చూసి నవ్వి, సరే సార్ అని డబ్బా మళ్లీ కింద పెట్టింది."

"ఇప్పుడు నిన్ను ఏమనమంటున్నారు?"

"వాళ్లే సరదాకి ఉండిపోయారని. నాకు తెలియదని." మెట్టు అంచు గోటితో గీరుతూ, "వాన గదిలో ఉంటావా, గోడౌనులో మూటలు ఎత్తిస్తావా, నీ ఇష్టం అన్నారు. పిల్ల పురిటికి వెళ్లాల్సింది మన ఆసుపత్రికే కదా అని కూడా అన్నారు. నవ్వుతూనే అన్నారు," అన్నాడు.

సీజను మనుషుల్లో ఎవరూ నోరు విప్పరని మా ఇద్దరికీ తెలుసు. విప్పితే మరుసటి ఏడు మేస్త్రి నుంచి పిలుపు రాదు. వారిని తప్పు పట్టడానికి లేదు.

"నన్నేం చెప్పమంటావమ్మా?"

నేను రిటైరయ్యేదాకా కోర్టులో టైపు మిషను ముందు కూర్చుని, సాక్షులు చెప్పినది చెప్పినట్లు అచ్చు కొట్టినదాన్ని. వారి గొంతులు నా వేళ్లకు తెలుసు. "ఎవరో చెప్పి పంపిన సాక్షి గొంతు వేరుగా ఉంటుంది నాన్నా," అన్నాను. "నిజమే చెప్పి పంపినా సరే, వేరుగానే ఉంటుంది. నేను నిన్ను అలా పంపను."

వాడు తల ఊపాడో, చీకటి పడుతుంటే నాకు అలా అనిపించిందో తెలియదు. లోపలి నుంచి పెద్దది, "మెట్టు మీద మీటింగులు చాలు, వాడు పొద్దుట్నుంచి ఏం తినలేదు," అని కేక వేసింది. గోడ ఎంత పలచనిదో అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆమె అంతా విన్నది.

లేబర్ ఆఫీసరు నడివయసు మనిషి, కళ్లజోడు తాడుతో మెడలో వేసుకున్న ఆడమనిషి. మేనేజరు తన గదిలో టీ, బిస్కెట్లు సిద్ధం చేయించాడు. ఆమె కుర్చీ వంక కూడా చూడకుండా, ముందు వాన గది చూపించమన్నది. కుర్చీలు అక్కడికే, ఆ గది గుమ్మం ముందుకే తెప్పించింది. తరువాత, "నీళ్లు తిప్పండి," అన్నది.

గొట్టాల్లో గాలి గుటకలు వేసింది. ఆ వెనుక వాన మొదలయింది. మనుషులు లేని గదిలో, గొడుగులు లేని గదిలో, తనకోసం తాను కురుస్తున్న వాన. కిటికీ అద్దంలోనుంచి పడుతున్న వెలుగు ఆ నీటి తెరలో విరిగి గోడల మీద పాకుతున్నది. నేను ఎక్కడికి వచ్చానో ఒక క్షణం మరచాను. ఆఫీసరమ్మ చెప్పులు విడిచి, గుమ్మం పట్టుకొని, పాదం లోపల మోపింది. మోపిన పాదాన్ని వెంటనే వెనక్కి తీసుకున్నది. దాన్ని చీర అంచుకు తుడుచుకున్నది. వచ్చి కుర్చీలో కూర్చున్నది.

మేస్త్రి తన మాట తాను చెప్పాడు. మేనేజరు తన మాట తాను చెప్పాడు. గంట తాతను పిలిచారు. ఆయన బండ తడిసిందని, తాను గంట కొట్టానని చెప్పి, ఎందుకో నా వైపు చూసి చేతులు జోడించాడు. వాన చప్పుడులో అందరూ కాస్త గొంతు పెంచి మాట్లాడుతున్నారు. ఏ మాటా దాచి చెప్పడానికి వీలు లేకుండా పోయింది.

"గంట మోగాక వీళ్లని ఉండమన్నది ఎవరు?" అని అడిగింది ఆఫీసరమ్మ.

నా కూతురు లేచి నిలబడింది. కట్టు కట్టిన చెయ్యి మెడ నుంచి వేలాడుతున్నది. చిన్నప్పుడు నిలబడినట్లే, పాదాలు దగ్గరగా చేర్చి నిటారుగా నిలబడింది.

"ఎవరూ ఉండమనలేదండీ. మేమే ఉన్నాం. సార్‌కి తెలియదు."

మా ఇంటి పద్ధతిని నా కళ్ల ముందు ఆమె అబద్ధం కోసం వాడుతున్నది. ఇద్దరినీ కూర్చోబెట్టి మళ్లీ అడగాలని నా నోటిదాకా వచ్చింది. అది నా గది కాదు, అడిగే అధికారం నాది కాదు. చీర కొంగు పిడికిట్లో పట్టుకొని కూర్చున్నాను. పక్కన మేనేజరు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

ఆఫీసరమ్మ కళ్లజోడు పెట్టుకొని నా కూతురి ముఖం చూసింది, ఆ చేతిని చూసింది. "కూర్చోమ్మా," అన్నది. "మళ్లీ అడుగుతాను. ఉండమన్నది ఎవరు?"

గోడకు ఆనుకొని ఉన్న కుర్చీ కదిలిన చప్పుడయింది.

"నువ్వు కూర్చో అక్కా," అన్నాడు చిన్నవాడు.

సార్ కాదు, సూపర్‌వైజరు కాదు. ఆ కంపెనీ గోడల మధ్య వాడు ఆమెను అక్కా అని పిలవడం అదే మొదలు. ఆఫీసరమ్మ ఇద్దరి ముఖాలూ చూసి, అర్థమైనట్లు తల ఊపింది.

"నేనే ఉండమన్నానండీ. మేనేజరుగారు ఫోనులో చెప్తే వచ్చి చెప్పాను. వీళ్లు డబ్బాలు తీసుకుని బయల్దేరారు కూడా. నేనే వెనక్కి పిలిచాను."

గొంతు పెద్దగా లేదు. కాని అది ఎవరూ చెప్పి పంపిన గొంతు కాదు. ఎవరో వెళ్లి నీళ్లు కట్టేశారు. చప్పుడు ఆగిన తరువాత గొట్టాల నుంచి మిగిలిన చుక్కలు ఒక్కొక్కటి నేల మీద పడడం అందరమూ విన్నాము.

"అయితే ఇక గంట సంగతి వదిలెయ్యండి," అన్నది ఆఫీసరమ్మ మేనేజరుతో. "మోగినా మోగకపోయినా మీ పని చేయించుకున్నారు. గది మీది, నేల మీది. మేస్త్రి బూట్లివ్వకపోతే మీరివ్వాలి. ఆయన వైద్యం చేయించకపోతే మీరు చేయించాలి. తర్వాత ఆయన దగ్గర రాబట్టుకుంటారో లేదో, అది మీరూ మీరూ చూసుకోండి. ఇది దయ కాదండీ. మీ పూచీ."

పూచీ. ఆ మాట కోసమే నేను అన్నాళ్లూ తిరిగానని అప్పుడు తెలిసింది.

ముగ్గురమూ ఇంటికి నడిచి వస్తుంటే వీధి మలుపు వచ్చింది. అక్కడ పెద్దది ఆగింది.

"ఎందుకు చెప్పావురా? నీ పెళ్లాం సంగతి ఆలోచించావా?"

"నువ్వు అబద్ధం చెప్పడానికి లేచి నిలబడ్డావు," అన్నాడు వాడు. "అమ్మ ముఖం చూశావా? ఉద్యోగం పోయినా తట్టుకుంటా కానీ, దాన్ని తట్టుకోలేను."

నేను వారికంటే ముందు నడిచాను. నా ముఖం వారికి కనబడకుండా ఉండడం ఆ వేళకు మంచిదనిపించింది.

తరువాతి సంగతులు కలలో జరిగినట్లు ఒకదాని వెంట ఒకటి నెమ్మదిగా జరిగాయి. కంపెనీ అప్పీలుకని పై ఆఫీసుకు వెళ్లింది, వాదించింది, చివరకు తల ఒగ్గింది. ఆపరేషను కొంత ఆలస్యంగానే జరిగింది. మూడు వేళ్లు తిరిగి ముడుచుకున్నాయి, చివరి రెండు ముడుచుకోలేదు. చిన్నవాణ్ణి అన్న మాట ప్రకారమే గోడౌనుకు పంపారు. అక్కడ వాణ్ణి ఎవరూ సార్ అనరు. ఆసుపత్రి కార్డును మాత్రం ఎవరూ ముట్టుకోలేకపోయారు. భయపెట్టినంత సులువుగా అది పోయేది కాదు. మనవరాలు అక్కడే పుట్టింది. పుట్టగానే పిడికిలి బిగించి ఉంటే, పెద్దది ఆ పిడికిలిని చాలాసేపు చూస్తూ కూర్చున్నది.

ఆఫీసరమ్మ రాసిన ఉత్తర్వుతో సీజను మనుషులకు ఒప్పందంలో తేదీ వచ్చింది. వాన గది నేల గీతలు కొట్టించి గరుకు చేశారు. అందరికీ బూట్లు వచ్చాయి, కొన్ని రెండూ ఎడమ కాలివే వచ్చాయని పెద్దది చెప్పి నవ్వేది. ఆమెను నీళ్లలో నిలబెట్టకుండా, పొడి గదిలో బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎడమ చేత్తో కుట్లు తడిమి చూసే పని ఇచ్చారు. గంట తాత గంట ఇప్పుడు మధ్యాహ్నం అన్నాలకు మాత్రమే మోగుతుంది.

మరుసటి ఏడు తొలివాన మధ్యాహ్నం దాటాక వచ్చింది. నేను మనవరాలిని ఒళ్లో పెట్టుకొని గుమ్మంలో కూర్చున్నాను. వీధి రంగు మారింది, దుమ్ము అణిగింది, మట్టి వాసన వచ్చింది. అలవాటు చొప్పున లేచి, పొడి తువ్వాలు మేకుకు తగిలించి, చెవి ఒగ్గి నిలబడ్డాను. బండ ఈపాటికి తడిసి ఉంటుంది. ఇప్పుడు మోగాలి. చూరు నుంచి నీళ్లు దారం కట్టి కారుతున్నాయి. గంట మోగలేదు. వాన పెరిగింది. వీధిలోకి ఏ ఆడమనిషీ తడుస్తూ రాలేదు. నేను అలాగే వింటూ నిలబడ్డాను. రెండు వీధుల అవతల, ఆ వానలోపల, ఇంకొక వాన కురుస్తూనే ఉన్నదనీ, దాని కింద ఆడవాళ్లు ముఖాలు ఎత్తి నిలబడే ఉన్నారనీ ఊహించుకున్నాను. మనవరాలు నా భుజం మీద నిద్రపోయింది.

పని వేళ ముగిశాక అక్కా తమ్ముళ్లు కలిసి వచ్చారు. ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు. కంపెనీ గొడుగు గేటు దాటకూడదన్న నియమం ఇంకా మారలేదు. దాని మీద నేను వేరే అర్జీ రాస్తున్నాను.

మేకుకు ఉన్నది ఒక్క తువ్వాలే. పెద్దది దాన్ని అందుకొని తమ్ముడి ముందు చాచింది.

"ముందు మీరు, సార్," అన్నది.

ఇంట్లో అలా అనవద్దని వాడు ఈసారి అనలేదు. తల వంచాడు. ఆమె కుడి చేత్తోనే, ముడుచుకోని ఆ రెండు వేళ్లతో సహా, వాడి తల తుడిచింది.